మామయ్య కేసెట్లు, కొత్త టీవీ, మధ్యలో ఒక డీవీడీ రికార్డర్

ముందుగా సామగ్రి

చెన్నై పెరంబూరులో మామయ్య ఇంటి హాలు. గోడకు 43 అంగుళాల 4కె టీవీ, దాని కింద బల్ల మీద డీవీడీ రికార్డర్, పక్కన వీసీఆర్, ఆ పక్కన కేబుల్ వాళ్ల సెట్‌టాప్ బాక్సు. వీసీఆర్ మామయ్య కోచ్ ఫ్యాక్టరీ ఉద్యోగంలో ఉండగా బర్మా బజార్‌లో బేరమాడి కొన్నది. రికార్డర్‌ను ఆ తరువాత ఎప్పుడో వాళ్ల అబ్బాయి సింగపూర్ నుంచి మోసుకొచ్చాడు. రెండూ 230 వోల్టులకు పనిచేసేవే, రెండూ పాల్ పద్ధతివే (మన దేశపు అనలాగ్ టీవీ పద్ధతి అది) కాబట్టి ఇక్కడి కరెంటుతోనూ ఇక్కడి టీవీతోనూ పేచీ లేదు. అట్టపెట్టె నిండా వీహెచ్‌ఎస్ కేసెట్లు: పెళ్లిళ్లు, ఉపనయనాలు, అత్తయ్య చెల్లెలి సీమంతం, అమెరికా నుంచి వచ్చిన ఒక పుట్టినరోజు.

చేయాల్సిన పని చెప్పడానికి తేలిక. కేసెట్‌లోని బొమ్మను డిస్కు మీదకు ఎక్కించాలి, ఆ డిస్కును కొత్త టీవీలో చూడాలనిపించేలా చూపించాలి. "అంతేగా, తీగలు పెట్టి బటన్ నొక్కు" అన్నారు మామయ్య. అంత సులువు కాదు. ఈ పెట్టెల మెనూల్లో ఉన్న ప్రతి సెట్టింగూ రెండు జాతుల్లో ఒకదానికి చెందుతుంది. ఒక జాతి డిస్కు మీద ఏమి రాయాలో నిర్ణయిస్తుంది. రాసింది ఇక మారదు. రెండో జాతి రాసినదాన్ని కంటికి ఎలా చూపాలో నిర్ణయిస్తుంది. దాన్ని రేపు మార్చుకోవచ్చు, టీవీ మారినప్పుడు మళ్లీ మార్చుకోవచ్చు. తయారీదారులు మాత్రం ఈ రెండింటినీ ఒకే మెనూలో పక్కపక్కనే కలగలిపి పెట్టారు. అందుకని నోటుపుస్తకంలో పేజీ మధ్యగా గీత గీసి, ఎడమ వైపు "రాత", కుడి వైపు "చూపు" అని పేర్లు పెట్టుకున్నాను. జాగ్రత్తంతా ఎడమ వైపే ఉండాలి. జనం గంటలు గంటలు కూర్చుని తిప్పేది మాత్రం కుడి వైపు మీటలనే.

కంప్యూటర్‌కు యూఎస్‌బీ తీగ పెట్టి చేసుకోవచ్చు కదా అని తమ్ముడు ఫోనులో అడిగాడు. చేసుకోవచ్చు. కానీ పాత కేసెట్ నుంచి వచ్చే సిగ్నల్ నిలకడగా ఉండదు. గీతగీతకూ సమయం కాస్త అటూ ఇటూ జరుగుతుంది. చవక యూఎస్‌బీ పరికరాలు చాలావరకు అక్కడే తడబడి ఫ్రేములు వదిలేస్తాయి, పెదవుల కదలిక ఒకచోట, మాట ఒకచోట అవుతుంది. ఈ రికార్డర్ మెనూలో టీబీసీ అనే వరుస ఉంది. వణికే గీతలను సరిచేసి ఒక వరుసలో నిలబెట్టే ఏర్పాటు అది. దాన్ని "ఆన్" చేసి "రాత" వరుసలో మొట్టమొదటి పేరుగా రాసుకున్నాను.

శనివారం: వెనక వైపు జాకులు

సిగ్నల్ నడవాల్సిన దారి ఇది: వీసీఆర్ అవుట్ నుంచి రికార్డర్ లైన్ ఇన్‌కు, రికార్డర్ అవుట్ నుంచి టీవీకి. ఈ వరుస తిరగబడకూడదు. రికార్డర్‌కూ టీవీకీ మధ్యలో వీసీఆర్‌ను పెడితే, దుకాణంలో కొన్న సినిమా డిస్కు వేసినప్పుడు బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఊగుతుంది. డిస్కులో ఉండే మాక్రోవిజన్ అనే కాపీ నిరోధక సంకేతం వీసీఆర్‌లోని స్వయంచాలక స్థాయి సర్దుబాటును తికమకపెట్టడం దానికి కారణం. యంత్రం పాడైందనుకుని రిపేరుకు ఇచ్చినవాళ్లు నాకు తెలుసు. దుకాణపు సినిమా కేసెట్లలో చాలావాటికి ఇదే కాపలా ఉంటుంది. వాటిని రికార్డర్ అసలు ఎక్కించుకోదు. మన కేసెట్లు ఇంటివి కాబట్టి ఆ బాధ లేదు.

వీసీఆర్ వెనక పసుపు జాకు ఒకటి, ధ్వనికి జాకు ఒకటే. మోనో యంత్రం. ఆ ఒక్కదాన్నీ రికార్డర్ తెల్ల జాకుకు పెట్టి ఊరుకుంటే నాదస్వరం డిస్కులో ఎడమ పక్కనే పడుతుంది, టీవీలో ఎడమ స్పీకరే మోగుతుంది. ఒక మొన నుంచి రెండు చీలికలుగా వచ్చే తీగ కావాలి. కొనాల్సినవాటి జాబితాలో చేర్చాను.

రికార్డర్ వెనక యాంటెనా రంధ్రాలు కూడా రెండున్నాయి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. మామయ్యకు పాత అలవాటు. కేబుల్ తీగను వీసీఆర్‌లోంచి రికార్డర్‌లోకి, అందులోంచి టీవీలోకి దూర్చాలని చూశారు. "వాటి అవసరం లేదు మామయ్యా, ఆ ట్యూనర్‌కు ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు" అన్నాను. చెన్నైలో 2003లోనే షరతులతో కూడిన ప్రసార పద్ధతి, అంటే డబ్బు కట్టే ఛానెళ్లకు సెట్‌టాప్ బాక్సు ఉండాలనే ఏర్పాటు, వచ్చింది. దేశవ్యాప్త కేబుల్ డిజిటలీకరణ తొలి విడతకు 2012 గడువు పెట్టిన నాలుగు మహానగరాల్లో ఈ ఊరూ ఒకటి. ఈ రికార్డర్ ట్యూనర్ అనలాగ్ ఛానెళ్ల కోసం చేసింది. సెట్‌టాప్ బాక్సు కార్యక్రమం ఏదైనా ఎక్కించాలంటే దాని పసుపు, ఎరుపు, తెలుపు మొనలను రికార్డర్ రెండో లైన్ ఇన్‌కు తగిలించి, రిమోట్‌లో ఎల్2 ఎంచుకోవడమే. హెచ్‌డీఎంఐ దారి లేదు. రికార్డర్‌కు హెచ్‌డీఎంఐ బయటికే గాని లోపలికి లేదు.

ఇక టీవీ వైపు. కొత్త టీవీల్లో రంగురంగుల జాకుల వరుస పోయింది. హెచ్‌డీఎంఐ మూడు, ఏవీ అని రాసిన చిన్న రంధ్రం ఒకటి, అంతే. ఆ చిన్న రంధ్రానికి 3.5 మిల్లీమీటర్ల మొన, అవతలి కొసన మూడు రంగుల మొనలు ఉన్న తీగ కావాలి. చూడటానికి ఆ తీగలన్నీ ఒకేలా ఉంటాయి. మొన మీది పట్టీల్లో ఏది భూమి (గ్రౌండ్), ఏది బొమ్మ అన్నది తయారీదారును బట్టి మారుతుంది. మామయ్య పెట్టెలో ఉన్న తీగ పాత క్యామ్‌కార్డర్‌ది. పసుపు మొన పెడితే గుర్రుమనే శబ్దం తప్ప బొమ్మ లేదు. ఎరుపు మొనను పసుపు జాకుకు పెడితే బొమ్మ వచ్చింది. మీ ఇంట్లో బొమ్మ రాకపోతే తీగను పారేసేముందు ఈ మార్పిడి చేసి చూడండి.

కొంచెం పాత టీవీల్లో ఇంకో చిక్కు ఉంటుంది. పచ్చ జాకు చుట్టూ పసుపు గీత ఉంటే అది కాంపొనెంట్‌కూ (బొమ్మను మూడు తీగల్లో పంపేది) కాంపోజిట్‌కూ (ఒకే పసుపు తీగలో పంపేది) ఉమ్మడి. పసుపు తీగను అక్కడ పెట్టి, టీవీలో కాంపొనెంట్ ఎంచుకుంటే బొమ్మ నలుపు తెలుపుల్లో, సన్నని చుక్కల వల కప్పుకుని వస్తుంది. రంగు సమాచారాన్ని టీవీ రంగుగా చదవదు, వెలుగులో భాగమనుకుంటుంది.

శనివారం రాత్రి: పసుపు తీగా, హెచ్‌డీఎంఐయా

ఒకే డిస్కు, ఒకే పెళ్లి, రెండు దారులు. రిమోట్‌లో ఇన్‌పుట్ మారుస్తూ పోల్చాం. పసుపు తీగలో వెలుగూ రంగూ కలిసి ఒకే తీగలో ప్రయాణిస్తాయి, టీవీ వాటిని మళ్లీ విడదీసుకోవాలి. ఆ విడదీత ఎక్కడ తేలిపోతుందంటే సన్నని గళ్ల దగ్గర. పందిట్లో ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఉత్తరీయం అంచు గళ్లలో ఎరుపు, నీలం ఛాయలు పాములా పాకుతున్నాయి. ఆయన కదిలితే ఛాయలూ కదిలాయి. పెళ్లికొడుకు పేరు రాసిన ఎర్ర అక్షరాల అంచున చుక్కలు పైకి ఎగబాకుతున్నాయి. హెచ్‌డీఎంఐకి మార్చగానే అక్షరాల అంచు నిలబడింది.

ఉత్తరీయం మీది ఛాయలు మాత్రం తగ్గాయే గాని పోలేదు. అవి వీసీఆర్ నుంచి రికార్డర్‌కు పసుపు తీగలో వచ్చినప్పుడే డిస్కులో పడిపోయాయి. ఎస్-వీడియో జాకున్న వీసీఆర్ అయితే వెలుగునూ రంగునూ వేరువేరుగా పంపేది. మామూలు వీహెచ్‌ఎస్ యంత్రాలకు ఆ జాకు ఉండదు. కాబట్టి ఆ కాస్త మిగులు "రాత" వరుసలోకే వెళ్లింది. టీవీలో ఏ మీట తిప్పినా పోదు.

ఆదివారం పొద్దున: అడ్డ పట్టీ

వీసీఆర్ బొమ్మ మీద వెడల్పాటి లేత నీడ ఒకటి నిదానంగా కింది నుంచి పైకి ఎక్కుతోంది. టేపులోని లోపమని మామయ్య, తలల్లో (టేపును చదివే హెడ్‌లలో) మురికి అని నేను వాదించుకున్నాం. కేసెట్ తీసేసినా నీలం తెర మీద కూడా ఎక్కుతూనే ఉంది. అంటే టేపు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాల్‌లో సెకనుకు 50 ఫీల్డులు, అంటే సగం గీతల చొప్పున వచ్చే అరబొమ్మలు. రెండూ దాదాపు సమానం కాబట్టే పట్టీ అంత నింపాదిగా కదులుతుంది. కరెంటు గుర్రు బొమ్మలోకి చొరబడుతోందన్నమాట. వీధిలోంచి వచ్చే కేబుల్ తీగ పైతొడుగు ఒకచోట భూమికి తగిలి ఉంటుంది, ఇంటి ప్లగ్గు ఇంకోచోట. ఆ రెండు భూముల మధ్య తేడా మన ఏవీ తీగల గుండా పారుతుంది. సెట్‌టాప్ బాక్సు నుంచి వీధి కేబుల్‌ను మర తిప్పి ఊడదీశాను. పట్టీ మాయం.

ఇది డిస్కులోకి పడితే శాశ్వతం. అందుకని కేసెట్ ఎక్కించేటప్పుడు కేబుల్ ఊడదీసి ఉంచాలని ఇంట్లో నియమం పెట్టాం. అత్తయ్య సీరియల్ వేళలు చూసుకుని దానికి ఒప్పుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం: చూపు వరుస

హెచ్‌డీఎంఐ మెనూలో రికార్డర్ 576ఐ నుంచి 1080పీ దాకా అన్నీ ఇస్తానంటుంది. పెద్ద అంకె కనిపించగానే నొక్కేయాలనిపిస్తుంది. కానీ పాల్ డిస్కులో ఉన్నది 720 అడ్డం, 576 నిలువు చుక్కలే. 4కె తెరలో 3840 అడ్డం, 2160 నిలువు. తెర మొత్తం నింపాలంటే ఒక్కో చుక్కకు ఇరవై చుక్కలు కల్పించాలి. ఈ కేసెట్ల 4:3 బొమ్మకైతే పదిహేను. ఆ కల్పన ఎవరు చేయాలన్నదే ప్రశ్న: పదిహేనేళ్లు దాటిన రికార్డరా, నిన్నగాక మొన్న కొన్న టీవీయా?

పరీక్షకు అక్షింతల ఘట్టం ఎంచుకున్నాం. గాజుల చెయ్యి విసురుగా ముందుకు వస్తుంది, అంతకంటే మంచి పరీక్ష దొరకదు. పీ అంటే గీతలన్నీ ఒకేసారి వచ్చే బొమ్మ, ఐ అంటే సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఇంకోసారి వచ్చే బొమ్మ; రెంటినీ కలిపి నిండు బొమ్మ చేయడంలో పొరపడితే కదిలే వస్తువు అంచు దువ్వెన పళ్లలా చీలుతుంది. రికార్డర్‌ను 1080పీలో పెడితే గాజుల అంచులు మెట్లు మెట్లుగా విరిగాయి. 576ఐలో పెట్టి మొత్తం పని టీవీకి అప్పగిస్తే గాజులు గుండ్రంగానే ఉన్నాయి. మా ఇద్దరి కళ్లకూ తేడా స్పష్టం. మీ రికార్డర్‌లో హెచ్‌డీఎంఐ మీద 576ఐ లేకపోతే 576పీ పెట్టి, దాని కలపడం పద్ధతిని "సినిమా" కాకుండా "వీడియో"కు మార్చండి. పెళ్లి వీడియోలు ఫిల్ము మీద తీసినవి కావు.

దీనితో ఇంకో లాభం కూడా ఉంది. 720పీ, 1080పీ పుట్టుకతోనే 16:9 ఆకారాలు. 4:3 బొమ్మను అందులో కూర్చాలంటే పక్కన నల్ల పట్టీలు పెట్టాలా, సాగదీయాలా అన్నది రికార్డరే తేల్చేస్తుంది. 576లో పంపితే ఆ నిర్ణయం టీవీ రిమోట్‌లో ఉంటుంది. టీవీని 4:3కి మార్చాను. 43 అంగుళాల తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు, అందులో బొమ్మకు 71. చెరో పక్క పన్నెండు సెంటీమీటర్ల నలుపు.

"ఇంత పెద్ద టీవీ కొని పక్కలు ఖాళీగా ఉంచడమేమిట్రా?" అన్నారు మామయ్య.

"సాగదీస్తే అందరూ మూడో వంతు లావవుతారు మామయ్యా. పెళ్లినాటి మీ నడుము చూసుకోండి."

సాగదీసి చూపించాను. అత్తయ్య వెంటనే 4:3 పెట్టించారు.

బొమ్మ అడుగున చిరిగిన గుడ్డ అంచులా నాలుగైదు గీతలు అల్లాడుతుంటాయి. వీసీఆర్‌లో ఒక తల నుంచి ఇంకో తలకు మారే చోటు అది, ప్రతి వీహెచ్‌ఎస్ బొమ్మలోనూ ఉంటుంది. పాత గాజు టీవీలు బొమ్మ అంచులను చట్రం వెనక దాచేసేవి కాబట్టి ఎవరికీ కనిపించలేదు. కొత్త టీవీలో "పూర్తి బొమ్మ" పెడితే బయటపడుతుంది. హైడెఫినిషన్ ఛానెళ్లకు పూర్తి బొమ్మే మంచిది. కేసెట్లకు మాత్రం టీవీని అంచులు కత్తిరించుకోనివ్వడమే మర్యాద.

పదును మీట, షార్ప్‌నెస్ అంటారే, దాన్ని బాగా తగ్గించాను. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా దొరికే వివరమే సుమారు 240 గీతలు. లేని పదునును టీవీ ఎక్కడి నుంచి తెస్తుంది? ముఖాల చుట్టూ తెల్ల గీత గీస్తుంది, గింజలు గింజలుగా ఉన్న మచ్చలకు మెరుగు పెడుతుంది. కదలికలను నునుపు చేసే సౌకర్యమూ ఆపేశాను. హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ మాత్రం రెండు వైపులా ఒకే మాట మీద ఉండాలి: వీడియో లెక్క ప్రకారం నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర. టీవీ దాన్ని 0 నుంచి 255 అనుకుంటే నలుపు బూడిదవుతుంది. తిరగబడితే పెళ్లికొడుకు జుట్టు నల్లటి ముద్దవుతుంది. "లిమిటెడ్" ఎంచుకున్నాక కోటు మడతలు కనిపించాయి.

ఆదివారం సాయంత్రం: కనకాంబరం చీర

టీవీ కొన్ననాటి నుంచి "వివిడ్"లోనే ఉంది. దుకాణంలో ట్యూబులైట్ల కింద మెరవడానికి పెట్టే ఏర్పాటది. అందులో పెళ్లివారందరికీ కామెర్లు పట్టినట్టు కనిపించారు, అత్తయ్య చీర మిరపపండు ఎరుపులో ఉంది. "నా చీర కనకాంబరం రంగు" అన్నారావిడ. నేను "సినిమా" అనే మోడ్‌కు మార్చి, రంగు వేడిని "వార్మ్" చేశాను. ఇప్పుడు మరీ ఇటుక రంగన్నారు. లోపలికి వెళ్లి బీరువాలోంచి ఆ కంచిపట్టు చీరనే తెచ్చి టీవీ పక్కన పట్టుకుని నిలబడ్డారు. మడత విప్పితే లోపలి రంగు ఇంకా తాజాగానే ఉంది, పైమడత కాస్త వెలిసింది. ఏ మడతతో పోల్చాలి?

నా అభిప్రాయంలో చీర మంచి కొలబద్ద కాదు. ఆ రోజుల్లో వీడియో తీసేవారు హాలోజన్ దీపం పక్కవాడి చేత పట్టించి తిరిగేవారు. ఆ పసుపు వెలుగుకు కెమెరా తెలుపును ఎలా సర్దుకుందో దాన్ని బట్టి ప్రతి పట్టూ రంగు మారుస్తుంది. తెల్ల పంచె చూడాలి, చేతుల చర్మం రంగు చూడాలి. పంచె తెల్లగా వచ్చేదాకా సర్దాక చీర కనకాంబరానికి దగ్గరగా వచ్చింది. అత్తయ్య ఇంకో మెట్టు గులాబీ వైపు జరపమన్నారు, జరిపాను. కుడి వరుస వ్యవహారం కదా, ఎవరికి నచ్చినట్టు వారు పెట్టుకోవచ్చు. రికార్డర్‌కు బొమ్మ లోపలికి వచ్చే దగ్గర రంగు మార్చే మీట ఉన్నా నేను ముట్టుకునేవాణ్ని కాను.

వారం మధ్యలో: రిచీ స్ట్రీట్

లోకల్ రైల్లో సెంట్రల్, అక్కడి నుంచి ఆటో. మౌంట్ రోడ్డు పక్కన ఆ సందుల్లో ఇంకా ఏవీ తీగలు దొరుకుతాయి. చేత్తో వంచితే కాస్త బరువుగా, మందంగా తగిలే తీగ తీసుకున్నాను, లోపల జాలీ తొడుగు ఉంటుంది. చీలిక తీగ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కులు, ఒకసారే రాసే డీవీడీ-ఆర్ డిస్కులు. వీసీఆర్‌కు రబ్బరు బెల్టు అడిగితే దుకాణదారు ఫోను చేసి కనుక్కున్నాడు, లేదన్నాడు. కొత్త వీసీఆర్ మాట ఎత్తనక్కర్లేదు. ఆఖరున మిగిలిన తయారీదారు ఫునాయి 2016 జులైలో ఆపేసింది. ఉన్నదాన్నే జాగ్రత్తగా వాడుకోవాలి.

అదే వారం: కేసెట్లకు స్నానం లేదు

చెన్నై ఉప్పు గాలి, తేమ. కేసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడి మచ్చలుంటే అది బూజు. అలాంటివాటిని వీసీఆర్‌లో పెట్టకూడదు, యంత్రంలోకి ఎక్కి మిగతా కేసెట్లకూ అంటుతుంది. సీమంతం కేసెట్ అలాగే ఉంది. విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి పక్కన పెట్టాను. మిగిలినవాటిని ఒకసారి చివరిదాకా నడిపి, వెనక్కి చుట్టి ఉంచాను, బిగువు సమానమవుతుంది. వీసీఆర్ తలలు తుడిచేటప్పుడు ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని తోలుముక్కను కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో తిప్పాలి. గుడ్డను పైకీ కిందికీ రుద్దితే తల విరిగిపోతుంది. దూదిపుల్ల అసలే వద్దు, దారాలు చిక్కుకుంటాయి.

మరుసటి శనివారం: గంటలూ బిట్లూ

ఎడమ వరుసలో అన్నిటికంటే బరువైన నిర్ణయం ఇది. రిమోట్‌లో రికార్డింగ్ మోడ్ నొక్కుతుంటే ఎక్స్‌పీ, ఎస్‌పీ, ఎల్‌పీ, ఈపీ అని తిరుగుతాయి: ఒక గంట, రెండు, నాలుగు, ఆరు లేదా ఎనిమిది. డిస్కు అదే 4.7 గిగాబైట్లు. గిన్నెలో అన్నం మారదు, పంక్తిలో మనుషులే పెరుగుతారు. లెక్క వేస్తే 4.7 గిగాబైట్లంటే 37.6 గిగాబిట్లు, గంటకు పంచితే సెకనుకు పది మెగాబిట్ల పైచిలుకు, రెండు గంటలకు అయిదు చిల్లర, నాలుగు గంటలకు 2.6. ధ్వని వాటా కూడా ఇందులోంచే పోవాలి. డాల్బీ డిజిటల్ అయితే 256 కిలోబిట్లతో సరిపెట్టుకుంటుంది, ధ్వనిని కుదించకుండా రాసే ఎల్‌పీసీఎం అయితే మెగాబిట్టున్నర మింగుతుంది. మోనో కేసెట్ నాదస్వరానికి ఎల్‌పీసీఎం దండగ.

కేసెట్ పాతది, బొమ్మ ఎలాగూ మసక, తక్కువ బిట్లు చాలు కదా అని మామయ్య వాదన. వినడానికి సబబుగా ఉంటుంది, జరిగేది దానికి విరుద్ధం. డీవీడీలో బొమ్మను కుదించే ఎంపెగ్-2 పద్ధతి బొమ్మను ఎనిమిది చుక్కల చదరాలుగా కోసి, ముందు ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య మారినదాన్నే రాసి బిట్లు మిగుల్చుకుంటుంది. శుభ్రమైన బొమ్మలో గోడ గోడలాగే ఉంటుంది, మళ్లీ రాయనక్కర్లేదు. వీహెచ్‌ఎస్‌లో గోడ మీద గింజలు ప్రతి ఫ్రేములోనూ కొత్తగా మొలుస్తాయి. యంత్రం ఆ గింజలన్నిటినీ సమాచారమే అనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది, చివరికి ముఖాలకు మిగలదు. ఎల్‌పీలో ఎక్కించి చూస్తే, బాజాభజంత్రీలు మొదలై కెమెరా ఊగగానే పెళ్లికూతురు చెంప చదరాలు చదరాలుగా పగిలింది. ఆర్‌డబ్ల్యూ డిస్కు కాబట్టి చెరిపేశాం. పరీక్షలన్నీ దాని మీదే చేయాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎల్‌పీలో చాలా రికార్డర్లు అడ్డం చుక్కలను 720 నుంచి 352కు తగ్గించేస్తాయి. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉన్న వివరమే అంతంత మాత్రం కాబట్టి దాని వల్ల పోయేది పెద్దగా లేదు. నిలువుగా మాత్రం 576 గీతలూ కావాలి. ఈపీలో కొన్ని యంత్రాలు నిలువునూ సగం చేసి 288కి దించుతాయి. దాంతో ఒక ఫీల్డు పోయి కదలికలు కుంటుతాయి. ఈపీని మరిచిపోండి. క్రికెట్ మ్యాచ్‌కు కూడా పనికిరాదు.

మన పెళ్లి కేసెట్లు ఈ-180, మూడు గంటలవి. ఒక డిస్కులో మొత్తం కుక్కితే సెకనుకు మూడున్నర మెగాబిట్లు దాటదు. రికార్డర్‌లో ఎఫ్‌ఆర్ అని ఉంది, ఎంత సమయం కావాలో చెబితే బిట్లను డిస్కు అంచుదాకా సరిగ్గా పంచుతుంది. ఒక్కో కేసెట్‌ను తొంభై నిమిషాల చొప్పున రెండు డిస్కులు చేశాం. దాదాపు ఏడు మెగాబిట్లు దక్కాయి. మాంగల్యధారణ దాకా మొదటిది, భోజనాలు, అప్పగింతలు రెండోది. డిస్కులు రెట్టింపవుతున్నాయని మామయ్య గొణిగారు, చెంప పగిలిన పరీక్ష డిస్కు చూపించాక ఊరుకున్నారు.

లైన్ ఇన్ నాయిస్ తగ్గింపు "ఆటో"లో ఉంచాను. గింజలు కాస్త తగ్గితే ఎన్‌కోడర్‌కు, అంటే బొమ్మను కుదించే భాగానికి, ఊపిరాడుతుంది. మరీ ఎక్కువ తుడిచేస్తే మనుషులకు మైనపు పూత పూసినట్టవుతుంది. ఇది కూడా డిస్కులోకి వెళ్లేదే కాబట్టి మితమే మేలు.

అమెరికా కేసెట్

దీన్ని నేరుగా టీవీకి పెడితే రంగుల్లో చక్కగా ఆడింది. రికార్డర్ గుండా పంపితే తెర దొర్లింది. అది అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో తీసిన కేసెట్: 525 గీతలు, సెకనుకు దాదాపు 60 ఫీల్డులు. మామయ్య వీసీఆర్ దాన్ని పాల్ టీవీలో ఆడించడానికి రంగును మాత్రం పాల్‌కు మార్చి, 60 ఫీల్డులను అలాగే వదిలేస్తుంది. ఈ సంకర సిగ్నల్‌ను టీవీలు సర్దుకుపోయి చూపిస్తాయి; రికార్డర్ సర్దుకోదు, దానికి పాల్ అయినా కావాలి, ఎన్‌టీఎస్‌సీ అయినా కావాలి. వీసీఆర్ ముందు మూత కింద మూడు స్థానాల మీట ఉంది. దాన్ని ఎన్‌టీఎస్‌సీ 3.58కి జరిపి, రికార్డర్ మెనూలో టీవీ పద్ధతిని ఎన్‌టీఎస్‌సీ చేసి, కొత్త డిస్కు పెట్టాం. పాల్, ఎన్‌టీఎస్‌సీ ఒకే డిస్కులో కలవవు.

బొమ్మ నిలిచింది, నలుపు మాత్రం బూడిదగా ఉంది. అమెరికా పద్ధతిలో తెలుపును వందగా లెక్కిస్తే, నలుపును సున్నా దగ్గర కాక 7.5 దగ్గర మొదలుపెడతారు. రికార్డర్‌లో ఇన్‌పుట్ బ్లాక్ లెవెల్‌ను "డార్కర్" చేస్తే కేకు మీది చాక్లెట్ అక్షరాలు నల్లబడ్డాయి. టీవీలో బ్రైట్‌నెస్ తగ్గించి కూడా ఇదే చేయవచ్చు, కానీ అప్పుడు మిగతా డిస్కులన్నీ చీకటవుతాయి. అయిపోగానే మళ్లీ పాల్‌కు, మామూలు నలుపుకు తిప్పి, రెండు మెనూలూ ఇంకోసారి చూసుకున్నాను.

ఫైనలైజ్

డీవీడీ-ఆర్ డిస్కును ఫైనలైజ్ చేయకపోతే, అంటే ఇతర యంత్రాలు చదివేలా రాత ముగించకపోతే, మామయ్య ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఆడుతుందన్న నమ్మకం లేదు. కొన్ని నిమిషాల పని. ఆ మధ్యలో కరెంటు పోతే డిస్కు పోయినట్టే. అందుకని రికార్డర్, వీసీఆర్ రెండింటినీ కంప్యూటర్ యూపీఎస్‌కు మార్చాను, టీవీని మార్చలేదు. రాసేటప్పుడు టీవీ ఆరిపోయినా నష్టం లేదు. ఫైనలైజ్ అయిన డిస్కులోని వీఓబీ ఫైళ్లను (బొమ్మా ధ్వనీ ఉండే ఫైళ్లు) అలాగే, మళ్లీ కుదించకుండా, హార్డ్‌డిస్కులోకి కూడా నకలు చేశాను. రాసే డిస్కుల రంగుపూత ఈ ఊరి వేడిలో ఎన్నేళ్లు నిలుస్తుందో దాని మీద పందెం కాయను.

మిగిలినవి: బూజు పట్టిన సీమంతం కేసెట్, దాన్ని విడి వీసీఆర్ ఉన్నవాళ్లకు అప్పగించాలి. మామయ్య మనవడి మినీడీవీ టేపు (డిజిటల్ క్యామ్‌కార్డర్‌ది) ఒకటి బయటపడింది. దానికి రికార్డర్ ముందు వైపు డీవీ ఇన్ జాకు ఉంది, పసుపు తీగ అక్కర్లేదు. క్యామ్‌కార్డర్ ఛార్జర్ కోసం అత్తయ్య బీరువాలు వెతుకుతున్నారు. దొరికితే వచ్చే ఆదివారం ఎక్స్‌పీలో ఎక్కిస్తాను.